రెండు రోజుల శిబిరంతో చికిత్సకులు తయారవుతారా?

గుండె దడ, నీరసం, నిద్ర పట్టడం లేదంటూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరకో వెళ్లేవారిలో కొందరి అసలు బాధ కుంగుబాటో, ఆందోళన రుగ్మతో అయి ఉంటుంది. వారికి తరచుగా దొరికేది ఒక బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్, ఒక సెలైన్ బాటిల్, మరీ పట్టుబడితే ఒక ఈసీజీ. సాధారణ మానసిక రుగ్మతలున్న వారిలో 85 శాతం మందికి చికిత్స అందడం లేదని బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే తేల్చింది. ఆ తర్వాత వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ సేవల ద్వారా మానసిక వైద్యం పొందడాన్ని హక్కుగా గుర్తించింది. 2022 అక్టోబరులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 మొదలైంది. హక్కూ వచ్చింది, ఫోన్ నంబరూ వచ్చింది. ఫోన్ పెట్టేశాక వారం వారం ఎదురుగా కూర్చుని పద్ధతి ప్రకారం మాటలతో చికిత్స చేసే మనిషి మాత్రం జిల్లా కేంద్రం దాటితే దొరకడం కష్టం.

ఈ కొరతకు ప్రభుత్వ శాఖలకు వెంటనే తట్టే ఉపాయం శిక్షణ శిబిరం. రెండు రోజుల ఉపన్యాసాలు, పవర్‌పాయింట్ స్లైడ్లు, చివర సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో. ఇంతమందికి శిక్షణ ఇచ్చామన్న లెక్క వార్షిక నివేదికలోకి ఎక్కుతుంది. ఆ లెక్కకూ రోగి కోలుకోవడానికీ సంబంధం ఉందని మేము అనుకోవడం లేదు. అమెరికాలో విలియం మిల్లర్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్ని నేరుగా పరీక్షించింది. వ్యసన చికిత్సలో పనిచేస్తున్న 140 మంది వృత్తి నిపుణులకు ఒక సంభాషణ పద్ధతి నేర్పి, ఆ తర్వాత వారి పనితీరును గమనించారు. కేవలం వర్క్‌షాప్‌తో సరిపెట్టుకున్నవారిలో నేర్చుకున్నది కొద్ది నెలల్లోనే కరిగిపోయింది. తమ సెషన్లపై ఫీడ్‌బ్యాక్, కోచింగ్ రెండూ అందుకున్నవారి దగ్గర మాత్రమే రోగుల మాటతీరులో చెప్పుకోదగ్గ మార్పు కనిపించింది.

ఎందుకిలా జరుగుతుందో పానిక్ రుగ్మత, అంటే ఉన్నట్టుండి తీవ్ర భయం ముంచెత్తే జబ్బు, చికిత్సను చూస్తే అర్థమవుతుంది. గుండె దడ మొదలవగానే ప్రాణం పోతుందని భయపడే మనిషికి ధైర్యం చెప్పి పంపడం ఎవరైనా చేయగలరు, దానివల్ల పెద్దగా ఒరిగేదీ లేదు. ఆలోచనలను, ప్రవర్తనను మార్చే మాటల చికిత్స అయిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో చికిత్సకుడు, గుండె జబ్బు లేదని వైద్యపరంగా నిర్ధారించుకున్నాక, రోగితో కావాలనే వేగంగా ఊపిరి తీయిస్తాడు, మెట్లెక్కిస్తాడు. భయపెడుతున్న ఆ దడ దానంతటదే తగ్గిపోవడాన్ని రోగి స్వయంగా చూసేలా చేస్తాడు. పుస్తకంలో ఇది అరపేజీ. ఎదుటి మనిషి చెమటలు కక్కుతూ ఇక చాలు ఆపండని వేడుకుంటున్నప్పుడు చికిత్సకుడికీ చేతులు వణుకుతాయి. పక్కన అనుభవజ్ఞులు లేకపోతే అతడు ఆ భాగాన్ని వదిలేసి, మళ్లీ సానుభూతి మాటల్లోకి జారుకుంటాడు. రికార్డు వినే పర్యవేక్షకుడు ఉంటే తప్ప ఆ సంగతి బయటపడదు.

ఇంగ్లండ్ 2008లో మాటల చికిత్సను అందించే దేశవ్యాప్త కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఈ సత్యాన్ని గుర్తించే ముందుకెళ్లింది. ఆర్థికవేత్త రిచర్డ్ లేయర్డ్, మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ క్లార్క్ వాదనలను అంగీకరించిన ప్రభుత్వం తొలి మూడేళ్లలో 3,600 మంది కొత్త చికిత్సకులను తయారుచేయాలని సంకల్పించింది. పూర్తి స్థాయి చికిత్సకులకు ఏడాది శిక్షణ: వారంలో రెండు రోజులు విశ్వవిద్యాలయంలో, మిగతా రోజులు పర్యవేక్షణలో రోగుల మధ్య. ప్రతి సెషన్‌లోనూ రోగి స్థితిని ప్రశ్నావళితో కొలుస్తారు, ఫలితాలను బహిరంగంగా ప్రకటిస్తారు. అక్కడా చికిత్స పూర్తిచేసుకున్నవారిలో కోలుకునేది దాదాపు సగం మందే. లక్ష్యాల ఒత్తిడికి సిబ్బంది అలసిపోతున్నారన్న విమర్శ కూడా ఉంది. అయినా ఎవరికి నయమైంది, ఎవరికి కాలేదు అని చెప్పగలగడమే ఆ వ్యవస్థ బలం. మన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి నడుస్తున్నా, ఆ ప్రశ్న వేస్తే చేతికొచ్చేది ఓపీ సంఖ్యే.

అంత ఖర్చు మనకు సాధ్యమా అనేవారు గోవా వైపు చూడాలి. వైద్యులు కాని స్థానికులకు కౌన్సెలర్లుగా శిక్షణనిచ్చి, తీవ్ర కుంగుబాటుకు ఆరు నుంచి ఎనిమిది సెషన్ల చికిత్సను సంగాత్ స్వచ్ఛంద సంస్థ, సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్ బృందం అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పరీక్షించారు. 2017లో వైద్య పత్రిక లాన్సెట్ ప్రచురించిన ఫలితాల ప్రకారం మూడు నెలలకు ఈ చికిత్స పొందినవారిలో 64 శాతం మంది కుంగుబాటు నుంచి బయటపడగా, మెరుగుపరిచిన మామూలు సేవలే అందుకున్నవారిలో అది 39 శాతం. ఆ కౌన్సెలర్లు సెషన్ల రికార్డులను కలిసి విని, ఒకరి పనికి ఒకరు మార్కులు వేసుకున్నారన్నది మన అధికారులు గమనించాల్సిన అంశం. తెలుగు నేలకూ ఇలాంటి పని కొత్తేమీ కాదు. పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తలు మొబైల్ ఆధారంగా కుంగుబాటు, ఆందోళన ఉన్నవారిని గుర్తించి వైద్యుల దగ్గరకు పంపే కార్యక్రమాన్ని ఆరోగ్య పరిశోధన సంస్థ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు పరీక్షించి చూశారు. గుర్తించడం వరకు దారి పడింది. గుర్తించాక మాటల చికిత్స ఎవరివ్వాలన్నదే తేలాలి.

ఆత్మహత్య ఆలోచనలున్నవారినీ, సైకోసిస్ (లేనివి వినిపించడం, భ్రమలు) లక్షణాలున్నవారినీ సైకియాట్రిస్టుకు పంపాల్సిందే, అందులో రాజీ లేదు. కుంగుబాటు, పానిక్, ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, చేసిందే చేసే జబ్బు) వంటి వాటికి మాత్రం క్లినికల్ సైకాలజిస్టులతో పాటు స్టాఫ్ నర్సులను, ఆరోగ్య కేంద్రాల వైద్యులను తీర్చిదిద్దుకోవచ్చు. అందుకు విజయవాడలోని ఎన్టీఆర్, వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు ఉద్యోగంలో ఉంటూనే చదివే ఏడాది కోర్సు నడపాలి. అభ్యాస సంభాషణలన్నీ తెలుగులో, రోగులు నిజంగా మాట్లాడే మాండలికాల్లో జరగాలి. ఇంగ్లీషులో నేర్చుకున్న ప్రశ్నను ఓపీలో అప్పటికప్పుడు తెలుగులోకి మార్చుకునే అవస్థ శిక్షణలోనే తొలగిపోవాలి. సర్టిఫికెట్ ఇచ్చేముందు రాతపరీక్ష కాకుండా, రోగి అనుమతితో రికార్డు చేసిన సెషన్లను విని నైపుణ్యాన్ని అంచనా వేయాలి. అన్నిటికన్నా ముందు, జిల్లా ఆసుపత్రుల్లో పర్యవేక్షకుల పోస్టులు మంజూరు కావాలి. వారానికి ఒక గంట తన దగ్గర శిక్షణ పొందినవారి కేసులు వినడం ఆ ఉద్యోగి విధుల్లో రాతపూర్వకంగా ఉండాలి. ఇప్పుడున్న సైకియాట్రిస్టు నెత్తిన దాన్ని అదనపు బాధ్యతగా రుద్దితే ఆ గంట ఓపీ రద్దీలో కొట్టుకుపోతుంది. రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు తదుపరి శిక్షణ శిబిరం తేదీలు ప్రకటించే ముందు ఈ పోస్టుల ఉత్తర్వు ఇవ్వాలి.