సీసా పద్యం

సీస పద్యం కింద ఆటవెలదో తేటగీతో పడితేనే పూర్తయినట్టు లెక్క. ఇంట్లో కలిపే కాక్‌టెయిల్‌కీ అలాంటి ఎత్తుగీతి ఒకటుంది. అది బాత్రూంలోంచి వినిపిస్తుంది.

దావత్ అయిపోయాక సీసాల అడుగున మిగిలిన మందు చూసి కళ్లు చెమర్చే సీసావధాని గారు ప్రతి అపార్టుమెంటుకీ ఒకరుంటారు. పాడైపోతుందని వారి బెంగ. మూత తీసిన బీరు పాడవుతుంది, నిజమే. వైన్ నాలుగైదు రోజుల్లో పులుస్తుంది. కానీ మూత బిగించిన విస్కీకీ రమ్ముకీ వచ్చిన తొందరేమిటి? 42.8 శాతం ఆల్కహాల్లో బూజు కూడా బతకదు. నెలల తరబడి ఆగే ఓపిక సీసాకి ఉంది, అవధాని గారికే లేదు.

"ఏముంది, అన్నీ మందే కదా!" అంటూ స్టీలు జగ్గు దింపుతారు. ఆ లెక్కన పులుసూ పాయసమూ కూడా భోజనమే. విస్కీ 180 మి.లీ., రమ్ము 120, వోడ్కా 90, మీద ఒక స్ట్రాంగ్ బీరు 650, ఆపైన 1.2 లీటర్ల మామిడి డ్రింకు. అప్పుడు గుర్తొస్తుంది, అమెరికా బావగారు డ్యూటీ ఫ్రీలో కొనుక్కొచ్చిన క్రీమ్ లిక్కరు. అదీ ఒంపుతారు. రుచి కోసమని రెండు నిమ్మచెక్కలు పిండుతారు. క్రీమంటే పాలేగా, పులుపు తగలగానే విరుగుతుంది. తెల్లటి తరకలు పైకి తేలుతుంటే "లేయర్ వచ్చింది చూశారా!" అని ఫొటో తీయిస్తారు. అక్కడితో ఆగితే అవధానం ఎలా అవుతుంది? జిమ్ముకి పట్టుకెళ్లే ప్రోటీన్ డబ్బాలో ఆ ద్రవం పోసి, గ్యాసున్న నిమ్మసోడా కలిపి, మూత నొక్కి ఊపుతారు. మూత ఫాల్స్ సీలింగుకి, మిగతాది సోఫాకి.

తెలిసినవాళ్లు ఒక మందు, ఒక పులుపు, ఒక తీపి, అంతే కలుపుతారు. రమ్ము 60 మి.లీ., అప్పటికప్పుడు పిండిన నిమ్మరసం 20, చక్కెర నీళ్లు 20. తీగపాకం పట్టనక్కర్లేదు, కప్పు వేడినీళ్లలో కప్పు చక్కెర కరిగించి చల్లార్చితే చాలు. చక్కెర అలాగే వేస్తే చల్లటి మందులో కరగదు, చివరి గుక్కలో పళ్ల కింద కరకరమంటుంది. డబ్బా నిండా గట్టి ఐసు వేసి 12 సెకన్లు గట్టిగా ఊపితే చల్లదనంతో పాటు కలవాల్సిన నీరూ కలుస్తుంది. సగం కరిగిన ఐసు వేశారో, చప్పిడి కషాయమే. సోడా కావాలంటే గ్లాసులోకి వంచాక, పైన. ఫొటోకి తరకలు రావు గనక అవధాని గారికి ఇది నచ్చదు.

ఇక జగ్గు లెక్క చూద్దాం. క్రీమ్ సంగతి వదిలేసినా, 8 శాతం బీరైతే అందులో పదో వంతు దాకా ఆల్కహాలే. అంటే 250 మి.లీ. గ్లాసు ఒక్కోటీ దాదాపు ఒక లార్జి పెగ్గు. మామిడి తీపిలో ఆ ఘాటు తెలియదు. "జ్యూసేరా, తాగు" అని ఎన్నడూ ముట్టని కుర్రాడి చేతిలో పెడతారు. దాహానికి మూడు గ్లాసులు దింపుతాడు వాడు. రాత్రి పదకొండింటికి వాడి బండి తాళాలు వాడికే ఇచ్చి "జాగ్రత్త తమ్ముడూ, ఇంటికెళ్లాక మెసేజ్ పెట్టు" అని వీడ్కోలు! వంద మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే నేరమంటుంది మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను. పోలీసుల మిషన్‌కి దొరికితే వాడి అదృష్టం. డివైడర్‌కి దొరికితే? వాళ్లమ్మకి ఫోన్ చేసి ఏం చెప్తావు, లేయర్ బాగా వచ్చిందనా? ఏం కలిపావో, ఎంత కలిపావో చెప్పకుండా మనిషి గొంతులో పోయడం సరదా అని నీకెవడు చెప్పాడురా?

మిగిలిన జగ్గు ఫ్రిజ్‌లో పెట్టారటగా. పైకి అది అచ్చం మామిడి జ్యూసే. పిల్లలు స్కూలు నుంచి వచ్చేలోగా సింకులో పారబోయండి.