సూర్యుడు దూరమైతే చలిజ్వరాలు వస్తాయా? ‘అఫీలియన్’ మెసేజ్‌కు జవాబు

జులై వస్తే చాలు, ఒక మెసేజ్ మళ్లీ ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. అందులో ఉండేది ఇదీ: రేపు తెల్లవారుజామున 5 గంటల 27 నిమిషాలకు ‘అఫీలియన్’ మొదలవుతుంది. మామూలుగా సూర్యుడు మనకు 5 కాంతి నిమిషాల దూరంలో, అంటే 9 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. ఇప్పుడు ఆ దూరం 66 శాతం పెరిగి 15.2 కోట్ల కిలోమీటర్లు అవుతుంది. అందుకే ఆగస్టు 22 దాకా ఎన్నడూ లేనంత చలి ఉంటుంది. ఒళ్లు నొప్పులు, గొంతు నొప్పి, జ్వరం, దగ్గు, ఆయాసం వస్తాయి కాబట్టి విటమిన్లు, సప్లిమెంట్లు తీసుకుని రోగనిరోధక శక్తి పెంచుకోండి.

చదువుకున్నవాళ్లు కూడా దీన్ని నమ్మి ఇంట్లో పెద్దలకు పంపుతున్నారు. నమ్మడానికి కారణం లేకపోలేదు. అఫీలియన్ అనేది నిజంగానే ఉంది. భూమి తన దారిలో సూర్యుడికి అన్నిటికంటే దూరంగా ఉండే బిందువు అది, అపహేళి అని కూడా అంటారు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి సరిగ్గా గుండ్రంగా ఉండదు, కాస్త సాగిన దీర్ఘవృత్తం. గ్రహాల కక్ష్యలు, అంటే అవి తిరిగే దారులు, అలా ఉంటాయని ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1609లోనే చెప్పాడు. జనవరి మొదటి వారంలో మనం సూర్యుడికి బాగా దగ్గరగా, దాదాపు 14.71 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాం. జులై మొదటి వారంలో 15.21 కోట్ల కిలోమీటర్ల దూరానికి వెళ్తాం. అంటే మెసేజ్‌లోని 15.2 కోట్లు అనే లెక్క సరైనదే. దాని పక్కన పెట్టిన 9 కోట్లే పూర్తిగా తప్పు.

కాంతి 5 నిమిషాల్లో 9 కోట్ల కిలోమీటర్లు వెళ్తుంది, ఆ గుణకారం వరకు బాగానే ఉంది. కానీ సూర్యుడి వెలుగు మనదాకా రావడానికి సగటున 8 నిమిషాల 19 సెకన్లు పడుతుంది. 9 కోట్ల కిలోమీటర్ల దూరం అంటే శుక్రగ్రహం కక్ష్యకు కూడా లోపలే. శుక్రుడే సూర్యుడికి 10.8 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. మనం నిజంగా 9 కోట్ల దూరంలో ఉండి ఉంటే, ఇప్పుడు పడుతున్న ఎండకు రెండున్నర రెట్లు పైనే పడేది.

పోనీ, ఒక్క రాత్రిలో 9 కోట్ల నుంచి 15.2 కోట్లకు జరగడం కుదురుతుందా? భూమి సెకనుకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఆ లెక్కన ఒక రోజులో దాటేది 26 లక్షల కిలోమీటర్లు. తన కక్ష్య వదిలేసి సూర్యుడికి ఎదురు దిక్కుగా తిన్నగా పరుగెత్తినా, 6.2 కోట్ల కిలోమీటర్లు వెళ్లడానికి 24 రోజులు పడుతుంది. పైగా అంత దూరం జరిగితే ఆకాశంలో సూర్యబింబం అడ్డుకొలత ఇప్పటికి 60 శాతం కంటే తక్కువకు కుంచించుకుపోవాలి. పసిపిల్లలు కూడా గుర్తుపట్టే మార్పు అది. అసలు తేడా 3 శాతం చిల్లర. జనవరిలోనూ జులైలోనూ ఒకే కెమెరాతో, సరైన ఫిల్టర్ పెట్టి ఫొటోలు తీసి పక్కపక్కన పెడితే తప్ప తెలియదు.

ఇక అసలు విషయం, చలి. దూరం పెరిగితే ఎండ తగ్గుతుంది, ఇది నిజం. వాతావరణం పైఅంచు దగ్గర, సూర్యుడికి ఎదురుగా ఉన్న చదరపు మీటరుకు సగటున 1361 వాట్ల శక్తి అందుతుంది. జనవరి మొదట్లో అది సుమారు 1408, జులై మొదట్లో సుమారు 1317. ఆరేడు శాతం తేడా. చిన్నదే గానీ లేదని చెప్పలేం. మరి ఆ మేరకు జులైలో భూమి చల్లబడాలి కదా? జరిగేది సరిగ్గా తలకిందులు. భూమి మొత్తానికి సగటు ఉష్ణోగ్రత ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువగా ఉండేది జులైలోనే, దాదాపు 16 డిగ్రీల సెల్సియస్. సూర్యుడికి దగ్గరగా ఉండే జనవరిలో అది 12 డిగ్రీలే. ఈ మెసేజ్‌ను కొట్టిపారేయడానికి నాకు ఈ ఒక్క సంగతే చాలు.

ఎందుకలా అంటే, భూమ్మీద ఉన్న నేలలో దాదాపు మూడింట రెండు వంతులు ఉత్తరార్ధగోళంలోనే ఉంది. నేల త్వరగా వేడెక్కుతుంది. సముద్రం మాత్రం ఎంత ఎండ పడినా ఆ వేడిని లోతుల్లోకి కలిపేసుకుని నిదానంగా మారుతుంది. జులైలో ఉత్తరార్ధగోళం సూర్యుడి వైపు వంగి ఉంటుంది కాబట్టి అక్కడి విశాలమైన నేల కాగి, ప్రపంచ సగటునే పైకి లాగుతుంది. ఆరేడు శాతం ఎండ తగ్గినా దాన్ని ఆపలేదు.

రుతువులు వచ్చేది ఆ వంపు వల్లే. భూమి అక్షం సుమారు 23.4 డిగ్రీలు వంగి ఉంది. 45 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర జూన్ చివర్లో పగలు పదిహేను గంటలకు పైగా ఉంటుంది, మధ్యాహ్నం సూర్యుడు 68 డిగ్రీల ఎత్తుకు వస్తాడు. అదే చోట డిసెంబర్ చివర్లో పగలు తొమ్మిది గంటలు కూడా ఉండదు, సూర్యుడు 22 డిగ్రీలు దాటడు. రెండూ కలిపి చూస్తే డిసెంబర్ రోజు కంటే జూన్ రోజు అక్కడ అందే సూర్యశక్తి దాదాపు 4 రెట్లు. దూరం తెచ్చే తేడా ఆరేడు శాతం, వంపు తెచ్చేది నాలుగు రెట్లు. చలికి కారణం దూరమే అయితే భూమి మొత్తానికి ఒకేసారి చలికాలం రావాలి. కానీ ఒకే జులైలో యూరప్‌లో ఎండాకాలం, ఆస్ట్రేలియాలో, అర్జెంటీనాలో చలికాలం.

దూరం లెక్కలోకి వచ్చే చోటు కూడా ఉంది, అంగారకుడు. దాని కక్ష్య మన కక్ష్య కంటే చాలా ఎక్కువ సాగి ఉంటుంది. 20.7 కోట్ల నుంచి 24.9 కోట్ల కిలోమీటర్ల దాకా దూరం మారుతూ, అందే ఎండలో 45 శాతం తేడా వస్తుంది. అక్కడ రుతువుల మీద ఆ ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది. అంటే ఆలోచన పూర్తిగా అర్థం లేనిదేమీ కాదు, మన భూమి కొలతలకే అది సరిపోదు.

‘మాకు జులైలో నిజంగానే చల్లగా ఉంది’ అనేవాళ్లూ ఉంటారు. ఉండొచ్చు. కారణం చూడాల్సింది కోట్ల కిలోమీటర్ల అవతల కాదు, తల మీదున్న మబ్బుల్లో. దట్టమైన మబ్బు పడితే నేలకు చేరే ఎండలో సగానికి పైగా ఆగిపోతుంది. కురిసిన వాన ఆవిరయ్యేటప్పుడు ఒక్కో గ్రాము నీరు 580 కేలరీలకు పైగా వేడిని నేల నుంచీ గాలి నుంచీ లాక్కుంటుంది. పైగా చల్లటి ప్రాంతం మీదుగా గాలి వీస్తే ఒక్క పూటలో పది డిగ్రీలు పడిపోవచ్చు. రోజువారీ వాతావరణమంతా దాదాపుగా నేల నుంచి పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తులోపు గాలిపొరలో తయారయ్యేదే.

తేదీలు, టైముల సంగతి. అఫీలియన్ ‘మొదలై’ వారాల తరబడి కొనసాగేది కాదు. భూమి ఆ చివరి బిందువును దాటే క్షణం, అంతే. ఆ క్షణం ప్రపంచమంతటికీ ఒక్కటే, గడియారాల్లో టైమే దేశానికో రకం. కాబట్టి అన్ని దేశాల్లో తిరిగే మెసేజ్‌లో ఒకే 5:27 ఉండటానికి వీల్లేదు. ఆగస్టు 22న ప్రత్యేకంగా ఏమీ జరగదు. ఏటా జరిగేదే కాబట్టి ‘ఎన్నడూ లేనంత’ అనేదీ నిలవదు. 2024లో జులై 5న, 2025లో జులై 3న జరిగింది.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది చివరి మాట, జబ్బుల సంగతి. జలుబు, ఫ్లూ వచ్చేది వైరస్‌ల వల్ల. సూర్యుడి దూరమే కారణమైతే ఉత్తరార్ధగోళంలోని చలిదేశాల్లో ఫ్లూ జులైలో పెరగాలి. అక్కడ అది ఉధృతంగా ఉండేది డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, సరిగ్గా సూర్యుడు దగ్గరగా ఉండే రోజుల్లో. దక్షిణాన అది వాళ్ల చలికాలంలో వస్తుంది. అందుకే ఫ్లూ టీకాలో ఏ రకాలు ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఉత్తరానికి ఫిబ్రవరిలో, దక్షిణానికి సెప్టెంబర్‌లో, విడివిడిగా చెబుతుంది.

ఆయాసాన్ని కూడా ఆ జాబితాలో కలపడం మరీ ప్రమాదకరం. జ్వరంతో పాటు ఊపిరి ఆడకపోతే అది న్యుమోనియా కావచ్చు, ఆస్తమా కావచ్చు, గుండెకు సంబంధించినది కావచ్చు. ‘అఫీలియన్ వల్లే, ఆగస్టు దాకా ఇంతే’ అనుకుని విటమిన్ బిళ్లలు వేసుకుంటూ ఇంట్లో కూర్చుంటే విలువైన గంటలు పోతాయి. అలాంటి మనిషిని ఆ రోజే, ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.