పులిని కొన్నాయనే పిస్తోలు కూడా కొంటాడట

నల్లగొండలో, రామగిరి వైపు ఒక డాబా ఇల్లు. ఆదివారం పొద్దున. హాల్లో చాప పరుచుకుని సుగుణ కొత్త చింతపండులో గింజలు తీస్తోంది. ఆమె కలెక్టరేట్‌లో ఆయుధాల లైసెన్స్ ఫైళ్లు చూసే సీనియర్ అసిస్టెంట్. ఆమె భర్త యాదగిరికి క్లాక్ టవర్ దగ్గర మోటారు పంపుల సామాన్ల దుకాణం ఉంది. ప్రస్తుతం ఆయన గోడకు టేపు పెట్టి కొలుస్తున్నాడు. ఆ ఇంట్లో టేపు బయటికి వచ్చిందంటే వెనకాలే పైసలు కూడా బయటికి వస్తాయి. సుగుణ అది ఎన్నోసార్లు చూసింది.

సుగుణ: ఏమయ్యా, గోడకు అంగీ కుట్టిస్తవా ఏంది? పొద్దుటి నుంచి కొలతలు తీస్తున్నవ్.

యాదగిరి: పద్దెనిమిది అంగుళాలు ఉంటే చాలు. మన పెండ్లి ఫోటో కొంచెం పక్కకు జరపాలె.

సుగుణ: ఫోటో ఎందుకు జరగాలె?

యాదగిరి: ముందు కోపం చెయ్యనని చెప్పు.

సుగుణ: అంటే కోపం వచ్చే పనే చేసినవ్. చెప్పు.

యాదగిరి: ఇంకా చెయ్యలేదు. కొందామా వద్దా అని నిన్ను అడుగుదామనే... పిస్తోలు.

సుగుణ: ఏందీ?

యాదగిరి: పిస్తోలే. మామూలుది కాదు, ఇంత పెద్దది. పాతకాలంది. గోడకు పెట్టుకునేది. హైదరాబాద్‌లో పాత సామాన్లు అమ్మేటాయన దగ్గర ఉన్నది. నలభై ఐదు వేలు చెప్పిండు. ఇదిగో ఫోటో.

(సుగుణ చేతులకున్న చింతపండు చూసి ఫోన్ అందనంత దూరంలో పట్టుకున్నాడు.)

సుగుణ: రెండు గొట్టాలున్నయేంది? నీ దుకాణంలో మిగిలిపోయిన పైపులు అతికిచ్చిండా?

యాదగిరి: అదే దాని గొప్ప! ఇది అంబారీ పిస్తోలు. వెనకటికి తెల్లదొరలు మన దేశంలో ఏనుగులెక్కి పులుల వేటకు పోయేటోళ్లు కదా. దెబ్బ తిన్న పులి ఏనుగు మీదికి ఎగబాకితే పొడుగు తుపాకి తిప్పనీకి అంబారీలో జాగ ఉండదు. అప్పుడు ఇది తీసి పులి మూతి మీదనే పేల్చుడు. ఒక గొట్టం తప్పినా ఇంకో గొట్టం ఉంటది. కొందరైతే పెద్ద రైఫిళ్లనే కోయించి ఇట్ల పొట్టిగ చేయించుకున్నరట.

సుగుణ: మన ఇంట్లో ఏనుగు ఉందా?

యాదగిరి: లేదు.

సుగుణ: పులి?

(యాదగిరి టేపు చుట్టడంలో మునిగిపోయాడు.)

సుగుణ: అడిగిన దానికి చెప్పు. పులి ఉందా, లేదా?

యాదగిరి: డాబా మీద... బొమ్మ ఉన్నది.

సుగుణ: ఆఁ. కోతులు భయపడ్తయని పన్నెండు వందలు పెట్టి నువ్వే తెచ్చినవ్. రెండు రోజులు భయపడ్డయి. మూడో రోజు దాని వీపు మీద కూర్చొని పేలు చూసుకున్నయి. ఇప్పుడు దానికి తోక లేదు, ఒక చెవి లేదు. పులిని కొన్నది నువ్వే. ఇప్పుడు దాన్ని చంపనీకి పిస్తోలు కూడా నువ్వే కొంటవా?

యాదగిరి: దానికి దీనికి సంబంధం లేదు. అయినా కోతులకు కూడా పనికొస్తదేమో. పేల్చే పని లేదు, చేతిలో పట్టుకొని డాబా మీద నిలబడితే చాలు.

సుగుణ: మొన్న కట్టె పట్టుకొని నిలబడ్డవ్. ఆ కట్టె ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?

యాదగిరి: ...పెద్ద కోతి దగ్గర.

సుగుణ: రేపు ఇది కూడా గుంజుకుంటది. పిట్టగోడ మీద కోతి, దాని చేతిలో నీ పిస్తోలు. కాలనీ మొత్తం చేతులెత్తి నిలబడాలె.

యాదగిరి: సరే, ఇది నచ్చకపోతే ఆయన దగ్గర ఇంకోటి ఉన్నది. కోల్ట్ వాకర్. అమెరికాది, 1847 నాటిది. శామ్యూల్ కోల్ట్ అని తయారుచేసేటాయన, వాకర్ అని ఒక కెప్టెన్, ఇద్దరూ కలిసి ఆలోచన చేసి తీసుకొచ్చిన్రు. ఆరు గుండ్లు పడ్తయి. పొడుగు పదిహేనున్నర అంగుళాలు, బరువు రెండు కిలోల పైనే. నడుముకు కట్టుకుంటే ప్యాంటు ఆగదు కాబట్టి గుర్రం జీనుకు సంచి కట్టి అందులో పెట్టుకునేటోళ్లు. మందు ఎక్కువ దట్టిస్తే కొన్ని పేలిపోయినయట కూడా.

సుగుణ: పేలనీకే కదా చేసేది.

యాదగిరి: గుండు పేలుడు కాదే, పిస్తోలే పగిలిపోవుడు!

సుగుణ: మంచిది. పట్టుకున్నోనికే దెబ్బ. మన ఇంటికి సరిగ్గ అసొంటిదే కావాలె. మొత్తం ఎన్ని చేసిన్రు అసొంటివి?

యాదగిరి: సుమారు 1,100 మాత్రమే. అందుకే కదా గిరాకీ. 2018లో అమెరికాలో వేలం పాట పెడితే ఒక్కటి 18 లక్షల డాలర్ల పైన పోయింది!

సుగుణ: రూపాయలా, డాలర్లా?

యాదగిరి: డాలర్లే.

సుగుణ: అక్కడ 18 లక్షల డాలర్లు. ఇక్కడ నీకు ఎంతకు ఇస్తనన్నడు?

యాదగిరి: ...అరవై వేలు. రెండూ తీసుకుంటే లక్షకు ఇస్తనన్నడు.

సుగుణ: నీ మీద అంత ప్రేమ ఎందుకో ఆయనను ఒక్కసారన్న అడిగినవా?

ఇలాంటి ప్రశ్న వేసే మనిషి బేరం దగ్గర ఉండడం అదృష్టమే. కాకపోతే కొనాలని ముచ్చటపడుతున్న మనిషికి ఆ అదృష్టం కంటికి కనబడదు. యాదగిరి వాకర్‌ను అక్కడే వదిలేసి మళ్లీ ఏనుగెక్కాడు.

యాదగిరి: అమెరికాది వద్దులే. అంబారీదే మాట్లాడుదాం. అది మాత్రం అసలుదే. నూట యాభై ఏండ్లదట.

సుగుణ: అసలుదేనా? గట్టిగ చెప్పు.

యాదగిరి: అసలుదే!

సుగుణ: అయితే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టు. నా టేబుల్ మీదికే వస్తది. పోలీసు విచారణకు పోతది. నీకు ప్రాణభయం ఏమన్న ఉందా అని అడుగుతరు.

యాదగిరి: ఉన్నది.

సుగుణ: ఎవరితోని?

యాదగిరి: దరఖాస్తు ఎవరి టేబుల్ మీదికి పోతదో వాళ్లతోని.

సుగుణ: అట్లనే రాయి, నేనే నోటు పెట్టి పైకి పంపుత. లైసెన్స్ లేకుండా ఇంట్లో పెట్టుకుంటే ఏమైతదో తెలుసా? 2019లో చట్టం మార్చిన్రు. తక్కువలో తక్కువ రెండేండ్లు, ఐదేండ్ల దాకా వెయ్యొచ్చు. లైసెన్స్ వచ్చినా సుఖం లేదు. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా తీసుకపోయి పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పమంటరు. మనకు ఎలక్షన్లు లేని ఏడాది ఏది? సర్పంచిది, మున్సిపాలిటీది, అసెంబ్లీది, పార్లమెంటుది. అవి చాలవన్నట్టు మన పాత జిల్లాలో 2019లో హుజూర్‌నగర్, 2021లో నాగార్జునసాగర్, 2022లో మునుగోడు. నీ పిస్తోలు స్టేషన్‌లో ఉంటది, నువ్వు గోడకు కొట్టిన మేకు చూసుకుంట కూర్చుంటవ్.

యాదగిరి: అరే, ఇది పేలదే! లోపల మొత్తం తుప్పు పట్టింది. రిపేరు చేసినా పేలదట. అసొంటి పాతదానికి ఆ చట్టం వర్తించదు. 45వ సెక్షన్. ఫైళ్లు నువ్వొక్కదానివే చదువుతవా?

సుగుణ: ఓహో. మరి పేలదని ఎవరు చెప్పాలె?

యాదగిరి: అమ్మేటాయనే చెప్పిండు.

సుగుణ: దొంగకు దొంగే జామీను. ఇంకో చట్టం ఉన్నది, 1972ది. అది చదివినవా? నూరేండ్లు దాటిందైతే పురావస్తువు అంటరు. అసొంటివి అమ్మి వ్యాపారం చెయ్యాలంటే దానికి వేరే లైసెన్స్ ఉండాలె. ఆయనకు ఉందా?

యాదగిరి: ఆయనకు షటర్ ఉన్నది.

సుగుణ: షటర్ కూడా రాత్రిపూట మూసేదే. అసలుది, పేలేది అయితే నిన్ను చూడనీకి నేను ములాఖత్‌కు రావాలె. అసలుది, పేలనిది అయితే ఇంకో ఆఫీసు చుట్టూ తిరగాలె. నకిలీది అయితే నలభై ఐదు వేలు మూసీలో కలిసినట్టే. అటు వంటింట్లో వానకాలం వచ్చిందంటే చుక్కలు పడ్తున్నయి. స్లాబుకు మందు వేయించమంటే మూడేండ్ల నుంచి మేస్త్రీ దొరకలేదంటవ్. పిస్తోలు అమ్మేటోడు మాత్రం మంచిగ దొరికిండు.

యాదగిరి: ప్రతి దసరాకు ఏం చేస్తున్న నేను? దుకాణంలో స్పానర్లు, పైపు రెంచీలు, పాత స్కూటర్, వీటికి బొట్టు పెట్టి ఆయుధ పూజ అంటున్న. జీవితంలో ఒక్కసారన్న ఆయుధం లెక్క కనబడేదానికి బొట్టు పెట్టొద్దా?

సుగుణ: స్పానర్ అన్నం పెడ్తది. ఇదేం పెడ్తది?

యాదగిరి: ఇజ్జత్ పెడ్తది! నీకు తెల్వదా ఏంది? పోయిన సంక్రాంతికి పాలమూరు పోతే మీ అక్క వాళ్ల హాల్లో ఏమున్నది? కత్తి! వనపర్తి సంస్థానం నాటిదని మా సడ్డకుడు వచ్చినోళ్లకు, పోయినోళ్లకు చెప్పుడే చెప్పుడు. పిల్లలమర్రి చూడనీకి వచ్చిన చుట్టాలు ముందు వాళ్ల కత్తి చూసి తర్వాత చెట్టు దగ్గరికి పోతున్నరట.

సుగుణ: ఆ కత్తితోని టమాట కూడా తెగదు. మా అక్కే చెప్పింది.

యాదగిరి: తెగకపోనీ. గోడ మీద ఉన్నది కదా! మన ఇంటికొస్తే ఏం చూస్తరు? టీవీ, సోఫా, ఇన్వర్టర్. ఆ రోజు మీ అక్క నీతోని ఏమన్నది? 'మీ ఇంట్లో పాతకాలందంటే మీ ఆయన స్కూటర్ ఒక్కటే' అన్నదా, లేదా? పది మంది ముందర?

(సుగుణ గింజలు తీయడం ఆపింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.)

సుగుణ: ఆయనకు ఫోన్ కలుపు.

యాదగిరి: ఎందుకు?

సుగుణ: కలపమన్ననా!

అవతలి మనిషి మాటలు ఇక్కడ రాయడం లేదు. సుగుణ మాటలు వింటే అవి వాటంతట అవే తెలుస్తాయి.

సుగుణ: నమస్తే అన్నా. నల్లగొండ యాదగిరి వాళ్ల ఇంటి నుంచి. ఆఁ, భార్యను. ఆ పిస్తోలు అసలుదేనా?... నూటికి నూరు పాళ్లా? చాలా సంతోషం. ఏం లేదన్నా, నేను కలెక్టరేట్‌లో ఆయుధాల లైసెన్స్ ఫైళ్లు చూస్త... హలో? ఉన్నవా?... అయ్యో, భయమెందుకు, మా ఇంటి కోసమే అడుగుతున్న... ఏందీ? మళ్లీ చెప్పు... బొమ్మనా?... ఎప్పుడు పోత పోసిన్రు?... పోయిన ఏడాదా! మరి ఆ తుప్పు?... ఉప్పునీళ్లలో నానబెట్టిన్రా. (భర్త వైపు తిరిగి) నిమ్మకాయ కూడా పిండిన్రట. (మళ్లీ ఫోన్‌లో) గొట్టాలకు లోపల తొర్ర ఉందా?... లేదు, నిండుగ పోసిన్రు. గుండు పెట్టనీకే రాదు. మంచిది, అదే కావాలె... ఎనిమిది వేలా? రెండు కిలోల ఇనుముకా?... పదిహేను వందలు... సరే, నీ మాట వద్దు, నా మాట వద్దు, రెండు వేలు. ఆర్టీసీ కార్గోలో పంపు. పార్శిల్ మీద బొమ్మ అని రాయి, బిల్లు మీద కూడా బొమ్మ అనే రాయి. ఉంట అన్నా.

యాదగిరి: నాకు వద్దు.

సుగుణ: ఏంది వద్దు?

యాదగిరి: నకిలీది నాకెందుకు? తుపాకి రాముడు కూడా కట్టె తుపాకి పట్టుకొని ఊరూరు తిరిగి కోతలు కోస్తడు. ఇప్పుడు నేను ఇంట్లో కూర్చొని ఆ వేషం కట్టాల్నా?

సుగుణ: ఆయన కోతలకు నవ్వి జనమే పైసలిస్తరు. నీ కోతలకు మన పైసలు పోతుండె. నలభై మూడు వేలు మిగిలిచ్చిన, మొఖం అట్ల పెట్టకు.

యాదగిరి: చరిత్ర ఉండాలె సుగుణా! ఒక ఏనుగు, ఒక పులి, ఒక దొర... పోత పోసిన ఇనుముకు ఏం చరిత్ర ఉంటది?

సుగుణ: చరిత్ర నేను పెడ్త. మా తాత సాయుధ పోరాటంలో ఉన్నడు కదా. రజాకార్ల మీదికి బర్మారు తుపాకి పట్టుకొని పోయిండు కదా. దళమోళ్లు గడి మీద పడ్డప్పుడు దొర పెట్టెలో ఇది దొరికింది. దొరకు ఎవరో తెల్లదొర ఇచ్చిండు. మా తాత గడ్డివాములో దాచిపెట్టిండు. అందుకే తుప్పు పట్టింది. చూసినవా, నిమ్మకాయ సంగతి కూడా తీరిపోయింది.

యాదగిరి: (కొంచెం తేరుకుని) మంచిగనే ఉన్నది. ఎవరికి చెప్తవ్?

సుగుణ: ముందు మా అక్కకే. ఆమె కోసమే కదా ఇదంతా.

యాదగిరి: మీ తాత ఆమెకు కూడా తాతే కదనే!

(కొంతసేపు ఇద్దరూ గోడ వైపు చూశారు.)

సుగుణ: అయితే మీ తాతదని చెప్పుదాం.

యాదగిరి: కుదరదు. రజాకార్లు వస్తున్నరంటే మా తాత వడ్ల గుమ్మిలో దాక్కున్నడు. ఆ ముచ్చట మీ అక్కకు తెలుసు.

సుగుణ: ఎవరు చెప్పిన్రు?

యాదగిరి: మన పెండ్లిలో నేనే చెప్పిన. మస్తు నవ్వింది.

సుగుణ: అదెందుకు చెప్పినవయ్యా!

యాదగిరి: అప్పుడు మన ఇంట్లో పిస్తోలు లేదు కదా!