సవరణ: అంబాసిడర్ వాల్వ్ కవర్ నట్ల బిగింపు

మొన్న పాత అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ గురించి రాస్తూ వాల్వ్ కవర్ (ఇంజిన్ పైన వాల్వులను కప్పే రేకు మూత) నట్లను 40 ఫుట్-పౌండ్లకు (బిగింపు బలం కొలత) బిగించమన్నాను. తప్పు రాశాను, క్షమించండి. సరైన లెక్క 4, అంటే సుమారు 5.5 న్యూటన్ మీటర్లు. ఒక్క సున్నా ఎక్కువ పడింది గానీ, 40 బిగింపుకు రేకు కవరు సొట్టపడిపోతుంది.

ఇంకోటి. ఆయిల్ కారితే "ఇంకాస్త బిగించండి" అన్నాను. అదీ వద్దు. పైన ఉన్నవి రెండే నట్లు. అతిగా బిగిస్తే కవరు అంచు వంగి, దాని కింద ఆయిల్ కారకుండా వేసే కార్క్ గాస్కెట్ (బెండు పట్టీ) నలిగి పక్కలకు పిండినట్టు బయటికొస్తుంది, కారడం ఎక్కువవుతుంది. ముందు నట్టు కింద రబ్బరు బుష్ చూడండి. గోరుతో నొక్కితే దిగకుండా రాయిలా ఉంటే మార్చేయాల్సిందే. కవరును అద్దం మీద బోర్లించి, అంచు ఎక్కడ లేచిందో చూసి, చెక్క ముక్క ఆనించి మెల్లగా తట్టి సరిచేయండి. గాస్కెట్‌కు గమ్ము కవరు వైపే రాయాలి, హెడ్ (కవరు కూర్చునే ఇంజిన్ పైభాగం) వైపు పొడిగా వదిలేయాలి.

కొత్త నట్టు కొనేటప్పుడు పాతది వెంట పట్టుకెళ్లండి. ఇవి అంగుళాల మరలు. మిల్లీమీటర్ల నట్టు రెండు చుట్లు ఎక్కి మొరాయిస్తుంది. బలవంతం చేస్తే నట్టు ఎక్కే స్టడ్ (మరల కడ్డీ) మర పోతుంది.