అప్పు పత్రంలోనే ఉండాల్సిన తుఫాను నిబంధన

2024 జూలై 1న బెరిల్ హరికేన్ గ్రెనడాలోని కారియకూ దీవిని ధ్వంసం చేసింది. ఆగస్టులో ఆ చిన్న కరీబియన్ దేశం తన బాండ్లపై చెల్లింపులను వాయిదా వేస్తున్నట్టు ప్రకటించినా, దాన్ని ఎవరూ ఎగవేత అనలేదు; ఎందుకంటే ఆ హక్కు 2015లో అప్పును పునర్వ్యవస్థీకరించినప్పుడే ఒప్పందంలోకి ఎక్కింది. 2004లో ఐవన్ హరికేన్ వల్ల జాతీయ ఆదాయానికి దాదాపు రెట్టింపు నష్టపోయి, 2013లో మళ్లీ బాండ్ల చెల్లింపులు ఆపేసిన అనుభవమే ఆ నిబంధనను రాయించింది. తుఫాను తీవ్రతకు కొలమానం కూడా ముందే ఖాయమైంది: ప్రాంతీయ విపత్తు బీమా సంస్థ చెల్లించే పరిహారం నిర్ణీత మొత్తం దాటితే చాలు, వాయిదా కోసం ఎవరినీ బతిమాలనక్కర్లేదు.

ఆఫ్రికా దేశమైన జాంబియాకు ఆ వెసులుబాటు లేదు. 2020 నవంబరులో వడ్డీ కట్టలేక చేతులెత్తేసిన ఆ దేశానికి పేద దేశాల అప్పుల సర్దుబాటుకు జీ20 దేశాలు పెట్టుకున్న ఉమ్మడి విధానం కింద ప్రభుత్వ రుణదాతలతో సూత్రప్రాయ అంగీకారం కుదిరేసరికి 2023 జూన్ వచ్చింది. బాండ్లదారులకు పాత బాండ్ల బదులు కొత్తవి ఇచ్చే మార్పిడి ముగియడానికి మరో ఏడాది పట్టింది. అప్పటికే తీవ్రమైన కరవు మొక్కజొన్న పంటను దెబ్బతీసింది, జలవిద్యుత్తుకు ఆధారమైన కరీబా జలాశయం అడుగంటి విద్యుత్ కోతలు మొదలయ్యాయి. కొత్త బాండ్లలో ఒకదానికి ఆర్థిక స్థితి మెరుగుపడితే చెల్లింపులు పెరిగే షరతు ఉంది, దిగజారితే తగ్గే షరతు మాత్రం లేదు. నా దృష్టిలో ఇది రుణదాతల వైపే మొగ్గిన సర్దుబాటు. 2024 డిసెంబరులో శ్రీలంక జారీ చేసిన బాండ్లు ఇంతకంటే న్యాయమైనవి. 2025–27 మధ్య జీడీపీ ఎలా ఉందో చూసి చెల్లింపులు పెరగవచ్చు, తగ్గనూవచ్చు.

ఇలాంటి షరతులు పెడితే వడ్డీ రేటు పెరుగుతుందన్న అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. అయితే గ్రెనడాకు దక్కింది మాఫీ కాదు, గడువు. ఆగిన మొత్తం తర్వాతి కిస్తీల్లో కలుస్తుంది. కరవు మండలాలు ప్రకటించాక పంట రుణాలను రీషెడ్యూల్ చేసే పద్ధతి మన రైతులకు తెలిసిందే, దానివల్ల బ్యాంకులు మునిగిపోలేదు. జాంబియా పడిన మూడున్నరేళ్ల తంటాతో పోలిస్తే ఒక ఏడాది గడువు రుణదాతకే చౌక.

ఈ విషయంలో మన దేశానికీ బాధ్యత ఉంది. శ్రీలంక రుణదాతల కమిటీకి ఫ్రాన్స్, జపాన్‌లతో కలిసి భారత్ సహాధ్యక్షత వహించింది. ప్రభుత్వ ఎగుమతి దిగుమతుల బ్యాంకు (ఎగ్జిమ్) ద్వారా ఆఫ్రికా దేశాలకు రుణాలూ ఇస్తోంది. ఇకపై కుదిరే ప్రతి రుణ ఒప్పందంలోనూ విపత్తు వాయిదా నిబంధనను మనమే ముందుగా ప్రతిపాదించాలి. ఏ నష్టం దాటితే అది అమల్లోకి వస్తుందో అంకెల్లో రాసి మరీ సంతకం చేయాలి.