కోత కోసి వచ్చేశాక

ఇద్దరూ ప్రసూతి వైద్యులే. పెద్దావిడ పశ్చిమ ఆఫ్రికా దేశం సియెరా లియోన్‌లోని ఒక జిల్లా ఆసుపత్రిలో రెండుసార్లు స్వచ్ఛందంగా పనిచేసి వచ్చారు. చిన్నావిడ ఆమె దగ్గరే పీజీ చేసింది. ఇప్పుడు మూడు నెలల సెలవు పెట్టి అలాంటి చోటికే వెళ్దామనుకుంటోంది. సిఫార్సు లేఖ మీద సంతకం కోసం వెళితే ఆ సంతకం పడలేదు, వాదన మొదలైంది. వినడం మొదలుపెట్టినప్పుడు నేను చిన్నావిడ పక్షం. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

శిష్యురాలు: ఇంకా ఏం ఆలోచిస్తున్నారు మేడమ్? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క మీకు తెలియంది కాదు. 2023 ఒక్క ఏడాదిలో గర్భం వల్లో కాన్పు వల్లో చనిపోయిన ఆడవాళ్లు సుమారు 2,60,000 మంది. రోజుకు ఏడు వందలకు పైనే. అందులో దాదాపు 70 శాతం సహారా దిగువనున్న ఆఫ్రికా దేశాల్లోనే. రక్తస్రావం, ఫిట్స్, ఇన్‌ఫెక్షన్, అడ్డం తిరిగిన బిడ్డ... మనం రోజూ చూసేవే, రోజూ ఆపేవే.

మేడమ్: లెక్క సరే. నన్నొకటి అడగనీ. వ్యాక్యూమ్ పెట్టి నీ అంతట నువ్వు ఎన్ని కాన్పులు చేశావు?

(వ్యాక్యూమ్ అంటే, బిడ్డ తలకు గిన్నెలాంటిది అతికించి, కోత లేకుండా బయటికి లాగే పరికరం.)

శిష్యురాలు: పదకొండు.

మేడమ్: సిజేరియన్లు?

శిష్యురాలు: ఆరు వందలు దాటాయి.

మేడమ్: నా ఆలోచన దాని గురించే.

శిష్యురాలు: సిజేరియన్ బాగా వచ్చినవాళ్లే కదా మేడమ్ అక్కడ కరువు?

మేడమ్: మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ అదే అనుకున్నాను. ఒక రాత్రి పందొమ్మిదేళ్ల అమ్మాయి వచ్చింది, తొలి కాన్పు. గర్భసంచి నోరు పూర్తిగా తెరుచుకుంది, బిడ్డ తల బాగా కిందికి దిగింది, కానీ బిడ్డ ముఖం పైకి తిరిగి ఉంది. నాకు నిద్రలేక రెండో రాత్రి. ఓపికపట్టి తల తిప్పి, వ్యాక్యూమ్ పెట్టి ఉంటే వచ్చేసేదేమో. నా చేతికి అలవాటైన పని కత్తి పట్టుకోవడం. కోశాను. తల్లీబిడ్డా క్షేమం. అందరూ నాకు దండం పెట్టారు. 'తర్వాతి కాన్పుకు నొప్పులు రాకముందే ఆసుపత్రికి రావాలి' అని గట్టిగా చెప్పి పంపాను. నా పని అయిపోయిందనుకున్నాను.

రెండున్నరేళ్ల తర్వాత మళ్లీ వెళ్లాను. అదే అమ్మాయి. వాళ్ల ఊరికీ ఆసుపత్రికీ మధ్య ఏరు, అప్పుడు వానాకాలం. నొప్పులు మొదలైన మర్నాటికి మోటారు సైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తెచ్చారు. అప్పటికే నొప్పులు ఆగిపోయాయి. నొప్పులు ఆగడమంటే ఏంటో నీకు తెలుసు.

శిష్యురాలు: గర్భసంచి పగిలింది.

మేడమ్: నేను కోసిన కుట్టు దగ్గరే. బిడ్డ పోయింది. గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. రక్తం ఒక సీసా ఆమె అన్న ఇచ్చాడు, ఇంకోటి మత్తు ఇచ్చే నర్సు ఇచ్చి, అక్కడే కూర్చుని ఇన్ని నీళ్లు తాగి మళ్లీ డ్యూటీకి లేచాడు. ఇక్కడ సిజేరియన్ అంటే ఒక ఆపరేషన్. రెండో కాన్పుకు ఆసుపత్రి అందుతుందో లేదో తెలియని చోట, ఆ తల్లి కనబోయే ప్రతి కాన్పుకూ మనం పెట్టి వచ్చే గండం. ఆ గండం పెట్టి మనం విమానం ఎక్కేస్తాం.

(ఈ కథ విన్నాక నా పక్షం కాస్త కదిలింది. కానీ చిన్నావిడ తగ్గలేదు, తగ్గకపోవడమే మంచిదయింది.)

శిష్యురాలు: బాధగానే ఉంది మేడమ్. కానీ ఒక్క కేసుతో తీర్పు చెప్పేస్తున్నారు. రెండోసారి ఆ అమ్మాయి బతికిందంటే మీరు అక్కడ ఉండబట్టే కదా? లేకపోతే ఆ గర్భసంచి ఎవరు తీసేవాళ్లు?

మేడమ్: తీసింది నేను కాదు. అక్కడి కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్. నేను ఎదురుగా నిలబడి, కోతను తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకున్నాను.

శిష్యురాలు: డాక్టర్ కాదా ఆయన?

మేడమ్: కాదు. అక్కడ 2011లో ఒక శిక్షణ మొదలైంది. ఇలాంటివాళ్లకు రెండేళ్లు సర్జరీ, ప్రసూతి ఆపరేషన్లు నేర్పి, ఇంకో ఏడాది ఆసుపత్రుల్లో చేయిస్తారు. ఆయన చెయ్యి చూడాల్సింది నువ్వు, అనవసరంగా ఒక్క కదలిక లేదు. మొజాంబిక్ అయితే 1984లోనే ఈ పని మొదలుపెట్టింది. అక్కడ జిల్లా ఆసుపత్రుల్లో సిజేరియన్లు ఎక్కువగా చేసేది వాళ్లే. వాళ్ల ఫలితాలు స్పెషలిస్టులకు పెద్దగా తీసిపోవని 1996లోనే పోల్చి చూపించారు. వాళ్లలో ఎక్కువమంది ఉద్యోగం మానేసి రాజధానికి వెళ్లిపోరు, మూడు నెలలకు విమానమూ ఎక్కరు.

శిష్యురాలు: సరే, సియెరా లియోన్‌లో ఆ శిక్షణకు పూనుకున్నది ఎవరు? నార్వే నుంచి వెళ్లిన సర్జన్లు కాదా? అక్కడి ప్రభుత్వంతో కలిసి పని మొదలుపెట్టింది బయటివాళ్లే కదా! ఇథియోపియా సంగతి చూడండి. కేథరిన్ హామ్లిన్ 1959లో భర్తతో కలిసి ఆస్ట్రేలియా నుంచి వచ్చి, 1974లో ఆడిస్ అబాబాలో ఫిస్టులా ఆసుపత్రి కట్టారు. బిడ్డ అడ్డుపడి రోజుల తరబడి నొప్పులు పడ్డాక లోపల చిల్లు పడి, అదే ఫిస్టులా, మూత్రం ఆగకుండా కారుతూ, ఇంట్లోంచి గెంటేసిన వేలాది మందికి అక్కడ మళ్లీ మామూలు బతుకు దొరికింది. ఆమెను కూడా ఇలాగే ఎవరో ఆపి ఉంటే?

మేడమ్: ఆమె వచ్చింది మూడేళ్ల ఒప్పందం మీద. ఉన్నది 2020లో పోయేదాకా, అరవై ఏళ్లు. అదీ కాన్పులు చేసే మిడ్‌వైఫ్‌లకు నేర్పే పని కోసం వచ్చారు. ఆమె దగ్గరికి పేషంటుగా వచ్చిన మమితు గాషే గురించి విన్నావా? అక్షరం రాని పిల్ల. మొదట పక్కలు సర్దింది, తర్వాత ఆపరేషన్ థియేటర్లో పరికరాలు అందించింది, చివరికి తానే ఫిస్టులా సర్జన్ అయింది. విదేశాల నుంచి వచ్చే డాక్టర్లకే నేర్పింది. హామ్లిన్ పేరు చెప్పావు కదా, ఆమె లెక్కన నీ మూడు నెలలు ఎంత?

శిష్యురాలు: అందరూ అరవై ఏళ్లు ఇవ్వలేరు మేడమ్. డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ లాంటి పెద్ద సంస్థలే ప్రసూతి వైద్యుల్ని కొన్ని వారాలకు కూడా తీసుకుంటున్నాయి. రాత్రీ పగలూ కాల్‌లో ఉండే పని, అంతకు మించి మనిషి తట్టుకోలేదని వాళ్లకు తెలుసు. ఒకరు వెళ్తే ఇంకొకరు వస్తారు. అక్కడ వరస తెగకూడదు. ఆ వరసలో నేనొకదాన్ని అవుతాను.

మేడమ్: వరస నిజంగా ఉన్నచోట ఆ మాట ఒప్పుకుంటాను. నీ కాగితంలో ఆసుపత్రి పేరే ఉంది, నీ ముందు ఎవరు, నీ తర్వాత ఎవరు అన్నది లేదు.

శిష్యురాలు: ఆపరేషన్ ఒక్కటే కాదు కదా, నేర్పుతాను కూడా. 2023లో వచ్చిన ఈ-మోటివ్ పరిశోధన చూపించింది కదా, కాన్పు అవగానే తల్లి కింద గీతలున్న ప్లాస్టిక్ షీట్ పెట్టి రక్తం కొలిచి, మసాజ్, గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్, రక్తం ఆపే ట్రానెక్సమిక్ యాసిడ్, సెలైన్, పరీక్ష, అన్నీ ఒకేసారి మొదలుపెడితే తీవ్ర రక్తస్రావం, దానికోసం పొట్ట కోయడం, చావు, అన్నీ కలిపి 60 శాతం తగ్గాయి.

మేడమ్: ఆ పరిశోధన జరిగింది కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాలో. చేసింది అక్కడి మిడ్‌వైఫ్‌లు. వాళ్లు సాధించింది వాళ్లకే నేర్పడానికి వెళ్తావా? గర్భసంచిలో కాండోమ్ పెట్టి సెలైన్‌తో నింపి రక్తం ఆపడం నేను నీకు నేర్పాను కదా, అది ఢాకాలో సయేబా అఖ్తర్ కనిపెట్టిన పద్ధతి, 2003లో రాశారు. లేమిలో పనిచేసేవాళ్లకు మన కంటే ఎక్కువ తెలుసు. నేనైతే అక్కడికి వెళ్లాకే వ్యాక్యూమ్ సరిగా నేర్చుకున్నాను, ఒక సీనియర్ మిడ్‌వైఫ్ దగ్గర. ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి, కరెంటు పోతే ఏ సీసా పనిచేస్తుందో ఏది నీళ్లతో సమానమో నాకు చెప్పింది కూడా ఆమే.

శిష్యురాలు: ఒకటి నిజం చెప్పండి మేడమ్. అర్ధరాత్రి, మాయ గర్భసంచికి అతుక్కుపోయి రక్తం కాలవ కడుతోంది. మిడ్‌వైఫ్ చేయాల్సిందంతా చేసింది. ఆ ఆఫీసర్ సెలవులో ఉన్నాడు. మీరున్నారు. అలాంటి రాత్రి ఒక్కటి కూడా లేదా?

(మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. జవాబు వెంటనే రాలేదు.)

మేడమ్: ఉన్నాయి. తొమ్మిది మంది. వాళ్ల ముఖాలన్నీ గుర్తున్నాయి. నేను లేకపోతే వాళ్లు ఉండేవాళ్లు కాదు. ఆ లెక్క నేను కొట్టేయను.

శిష్యురాలు: వాళ్లకు మీ వాదన వినిపించగలరా? 'వ్యవస్థ బాగుపడాలమ్మా, నేను రావడం సరికాదు' అని?

మేడమ్: వినిపించలేను. ఏటి అవతలి ఆ అమ్మాయికి నీ వాదన నువ్వూ వినిపించలేవు.

శిష్యురాలు: అయితే ఏం చేయమంటారు? మానేయమంటారా?

మేడమ్: మానేయమని నేను అనలేదు. నువ్వు వెళ్లబోయే చోట ఆపరేషన్లు ఎవరు చేస్తున్నారు? పేరు?

శిష్యురాలు: ...అడగలేదు మేడమ్.

మేడమ్: కనుక్కో. ఫోన్ చెయ్యి. నీ నుంచి వాళ్లకేం కావాలో అడుగు. కోసే చెయ్యి కావాలా, నేర్పే మనిషి కావాలా, లేక వాళ్లు నాలుగు రోజులు నిద్రపోయేలా డ్యూటీ చేసే మనిషి కావాలా అని. అదీ చిన్న సాయం కాదు. మూడు నెలలు చాలని వాళ్లంటే ఇదే కాగితం మీద సంతకం పెడతాను, మారు మాట్లాడను.

శిష్యురాలు: చాలదంటే? ఏడాది కావాలంటే? నా ఉద్యోగం పోతుంది.

మేడమ్: పోతుంది. అది నువ్వే తేల్చుకోవాలి, నేను చెప్పేది కాదు. సోమవారం నుంచి మాత్రం లేబర్ రూమ్‌కి రా. వ్యాక్యూమ్ కేసులన్నీ నీకే ఇస్తాను.