సెట్టు ఉడుకుతాందంట, ఆపరేషన్ రేపంట!

కర్నూలు పెద్దాసుపత్రికి గద్వాల నుంచి వస్తారు, రాయచూరు నుంచి వస్తారు. బెడ్లు చాలవు, డాక్టర్లు చాలరు అన్న గోల కొత్తది కాదు. థియేటర్ వెనక గది గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. కత్తెరలు, ఫోర్‌సెప్స్, గుడ్డలు కడిగి, మూటగట్టి, ఆవిరిలో పెట్టి పంపే సీఎస్‌ఎస్‌డీ అది. కర్నూలైనా, కడపైనా, అనంతపురమైనా దాని పని పెంచాలంటే వచ్చే మొదటి ప్రతిపాదన పెద్ద ఆటోక్లేవ్, అంటే ఆవిరితో క్రిముల్ని చంపే మెషిన్, కొందామనే. అది తప్పు లెక్క.

రెండేళ్ల కిందట మా మేనత్తను గర్భసంచి ఆపరేషన్‌కని ఒక ఆసుపత్రిలో చేర్చాం. రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టనివ్వలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయా వచ్చి, "సెట్టు ఇంగా ఉడుకుతాందంట అన్నా, రేపు చేస్తారంట" అని చెప్పి పోయింది. సెట్టంటే ఒక ఆపరేషన్‌కు కావాల్సిన పనిముట్ల మూట. కోపం పట్టలేక ఆ గది దాకా వెళ్లాను. రెండు ఆటోక్లేవుల్లో ఒకటి తలుపు తెరుచుకుని ఖాళీగా ఉంది. సింకు దగ్గర ఒకే ఒక్కామె, పళ్లు తోముకునే బ్రష్‌తో కత్తెర కీలు సందులో ఎండిన రక్తాన్ని గీకుతోంది. పక్కన ట్రేలు గుట్టగా పడి ఉన్నాయి.

ఉడికించడానికి పట్టే టైమ్ నిజానికి కొంచెమే. 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు, 134 దగ్గర మూడు నాలుగు నిమిషాలు. గంటలు తినేది దాని ముందూ వెనకా ఉన్న పని: నానబెట్టడం, రుద్దడం, ఆరబెట్టడం, లెక్కపెట్టడం, మూటగట్టడం, చివర్లో చల్లారనివ్వడం. రక్తం అట్టకట్టి ఉంటే దాని కిందికి ఆవిరి చేరదు. తొందరపడి మూటను తడిగా బయటికి తీస్తే ఆ తడి గుండానే క్రిములు లోపలికి పోతాయి, మళ్లీ మొదట్నుంచి చేయాలి. మూటకు అంటించిన టేపు మీద నల్లచారలు వస్తే చాలనుకుంటారు గానీ, ఆ చారలు చెప్పేది వేడి తగిలిందనే. క్రిమి చచ్చిందో లేదో తేల్చేది స్పోర్ టెస్ట్, అంటే మొండి క్రిముల్ని మూటలతో పాటు లోపల పెట్టి, చచ్చాయో లేదో చూసే పరీక్ష.

ఇక మన నీళ్లు. అనంతపురం బోరు నీళ్లకు బకెట్ అంచున తెల్లగా పట్టే పొర అందరూ చూసిందే. అదే హీటర్‌కూ పడుతుంది. ఆవిరి ఆలస్యమవుతుంది, ఓ రోజు హీటర్ కాలిపోతుంది. నీళ్లు మార్చకుండా మెషిన్ మారిస్తే కొత్తదానికీ అదే గతి.

కేసులు పెరుగుతుంటే పాత మెషిన్లతో ఎన్నాళ్లు నెట్టుకొస్తారని అడుగుతారు. చెడిపోయినదాన్ని మార్చాల్సిందే, కాదనను. కానీ ఒక సెట్టు థియేటర్ నుంచి వెళ్లి తిరిగి రావడానికి నాలుగు గంటలనుకుందాం. ఉన్నవి మూడు సెట్లే అయితే నాలుగో పేషెంట్ మధ్యాహ్నం దాకా పస్తే. ఇంకో రెండు సెట్లు, సింకు దగ్గర ఇంకో ఇద్దరు, ధ్వని తరంగాలతో సందుల్లో మురికి వదిలించే ఒక అల్ట్రాసోనిక్ క్లీనర్ ఉంటే ఐదో కేసు దాకా ఆగే పనే లేదు.

మరి ఇవి ఎందుకు కొనరు? ఆటోక్లేవ్‌కు రిబ్బన్ కట్ చేయొచ్చు, బ్రష్‌కు చేయలేం కదా! ఈ జబ్బు ఆసుపత్రులదే కాదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. తెగింది గొలుసు. నిండిన డ్యాం నుంచి నీళ్లు ఏటిపాలవుతుంటే ఇక్కడి ఆయకట్టు రైతులు టీవీల ముందు నిద్ర లేకుండా కూర్చున్నారు. డెబ్బై ఏళ్ల డ్యాంకు గొలుసు ఎంత ముఖ్యమో అది తెగాకే తెలిసింది. సీమకు కట్టడాలు ఇస్తారు, వాటిని చూసుకునే మనుషుల పోస్టులు మాత్రం ఖాళీగా ఉంచుతారు.

ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ మీటింగ్‌కు ఈసారి కొత్త ఆటోక్లేవ్ ఫైలు వస్తే కలెక్టర్ గారు మూడు సంగతులు అడగాలి. నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల లెక్క, ఎంత? సెట్లు ఎన్ని? రాత్రి షిఫ్టులో సింకు దగ్గర ఎవరున్నారు? సంతకం ఆ తర్వాత పెట్టొచ్చు.